కిటికీ ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి: కర్దనూర్ అద్దె గదుల వాళ్లకు

నైట్ డ్యూటీ దిగి పొద్దున ఏడింటికి గదికి వచ్చినవాళ్లు చాలామంది, రాత్రంతా మూసి ఉంది కదా అని కిటికీ బార్లా తీసి పడుకుంటారు. చలికాలంలో సరిగ్గా తీయకూడని వేళ అదే. రాత్రి నేల చల్లబడితే దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి కదలకుండా ఉండిపోతుంది. ఔటర్ మీది లారీల పొగ, చెత్తకుప్పల మంట, చేలల్లో కాల్చిన పత్తికట్టె, బాయిలర్ల మసి అన్నీ ఆ పొరలోనే చిక్కుకుంటాయి. ఎండెక్కి నేల కాగితే గానీ పైకి లేవవు. అందుకే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గదికి గాలి తగలాల్సింది మధ్యాహ్నం పన్నెండు, నాలుగింటి మధ్య. ఆ వేళ మీరు నిద్రలో ఉంటారు, నిజమే. మూడింటికి లేచాక తీసి, పొద్దు గూకక ముందే మూసేయండి.

ఫోన్‌లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ పెట్టుకుంటే పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఇక్రిశాట్ కేంద్రాల గాలి నాణ్యత సూచీ కనిపిస్తుంది. 100 లోపు పర్వాలేదు. 200 దాటితే గాలి బాగాలేదని లెక్క. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇల్లయితే 100 దాటినప్పటి నుంచే జాగ్రత్త పడాలి.

ఇక గది సంగతి. రేకుల గదుల్లో పొగకు కిటికీతో పనిలేదు. గోడ సమంగా ఉంటుంది, సిమెంటు రేకు అలలు అలలుగా ఉంటుంది; రెండూ కలిసేచోట ప్రతి అల కిందా ఓ కంత. పగలు లైటు ఆర్పి చూస్తే ఆ వరసంతా వెలుతురు చుక్కలే. ఫ్యాన్ ఆపి, ఒక ఊదుబత్తి వెలిగించి కంతల దగ్గరా తలుపు కిందా పట్టుకోండి. పొగ ఎక్కడ లోపలికి వంగితే గాలి అక్కడి నుంచి వస్తున్నట్టు. సోఫాలు కుట్టే షాపులో అడిగితే స్పాంజి ముక్కలు దొరుకుతాయి, ఆ కంతల్లో బిగించి కుక్కండి. తలుపు కింద తడి తువ్వాల మడిచి పెడితే చాలు. రేకును మాత్రం కోయొద్దు, డ్రిల్ వేయొద్దు. ఆస్‌బెస్టాస్ దుమ్ము ఈ పొగకంటే చెడ్డది.

స్టవ్ కూడా అదే గదిలో ఉంటే వంట అయ్యేదాకా ఏదీ మూయొద్దు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి అసలే వద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మస్కిటో కాయిల్ పొగ కూడా చెరుపే, కాకపోతే నెమ్మదిగా. అన్నీ మూసి లోపల కాయిల్ వెలిగించుకున్నవాడికి బయటి గాలే నయం. దోమతెర కట్టుకోండి. ఎండాకాలంలో కూలర్ బయటి గాలినే లాగి లోపలికి కొడుతుంది కనుక పొగ ఉన్న గంటల్లో దాన్ని ఆపక తప్పదు.

2020 సెప్టెంబర్ 9న కాలిఫోర్నియా అడవుల మంటలకు శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పట్టపగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. అలాంటి రోజుల్లో అక్కడివాళ్లు చేసేది కూడా ఇదే: ఇల్లంతా కాపాడలేం కాబట్టి ఒక్క గదిని ఎంచుకుని, సందులన్నీ మూసి, అందులో ఫిల్టర్ పెట్టుకోవడం. మీరు నలుగురూ కలిసి ప్యూరిఫయర్ కొనేట్టయితే డబ్బా మీద సీఏడీఆర్ అంకె, అంటే గంటకు ఎంత గాలిని శుభ్రం చేస్తుందో, చూడండి. పది బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అంటే సుమారు 34 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు వడకట్టాలంటే గంటకు 170 ఘనపు మీటర్లు కావాలి. అంతకు తక్కువది ఎంత చవకైనా దండగ. మాస్కయితే ఎన్95, మన ఐఎస్ఐ లెక్కలో ఎఫ్ఎఫ్‌పీ2. దస్తీ కట్టుకుంటే మసి ఆగదు.

ఇప్పటిదాకా చెప్పిందంతా కాలిన పొగకే. రాత్రి రెండింటికి ఘాటుగా సాల్వెంట్ వాసన వస్తే సంగతి వేరు. ఎన్95 నలుసును ఆపుతుంది, ఆవిరిని ఆపదు. తడిగుడ్డా అంతే. ప్యూరిఫయర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ ఉన్నా అది మామూలు వాసనలకే. 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి తెల్లవారుజామున ఇళ్లలోకి పాకింది. గాలికంటే బరువైంది కాబట్టి నేలను పట్టుకునే వచ్చింది. కళ్లు మండి, గొంతు పట్టేస్తే చాప మీద పడుకుని ఓర్చుకోవద్దు. పక్కవాళ్లను లేపి, గాలి వీచే దారికి అడ్డంగా నడిచి బయటపడండి, 112కు ఫోన్ చేయండి. బయట వాసన మరీ దట్టంగా ఉంటే మేడ మీది గదిలోకి వెళ్లి తలుపులు బిగించుకోండి. పోలీసులు, ఫైర్ వాళ్లు వచ్చి చెప్పాక వాళ్ల మాటే వినండి.

దగ్గు రెండు వారాలు తగ్గకపోతే ఈఎస్ఐకి వెళ్లండి. నెల జీతం 21,000 లోపుంటే కాంట్రాక్టు కింద పనిచేసేవాళ్లకూ అది వర్తిస్తుంది. చందా రోజులు సరిపోయి, డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. డాక్టర్‌తో “దగ్గు సార్” అని ఊరుకోవద్దు. ఏ డిపార్ట్‌మెంట్‌లో పని, ఏ పౌడర్ ఎత్తుతారు, ఏ డ్రమ్ము తెరుస్తారు, దగ్గు డ్యూటీలో ఎక్కువా గదిలో ఎక్కువా, అదంతా చెప్పండి. డ్రమ్ము మీది పేరు నోరు తిరక్కపోతే లేబుల్ ఫోటో తీసుకెళ్లండి. ఫోన్ గేటు దగ్గరే పెట్టించుకునే కంపెనీ అయితే కాగితం మీద రాసుకోండి.