కూర్మయ్య పళ్లెం

నార్త్ కెరొలినాలోని కేరీలో మా అక్కవాళ్ల వంటింట్లో కూరగాయలు తరిగే పలకలు రెండుంటాయి. పచ్చది మనుషులది, ఎర్రది కూర్మయ్యది. కూర్మయ్య అంటే ఆరంగుళాల బాక్స్ తాబేలు. కింది డిప్పకు అడ్డంగా కీలు ఉంటుంది కాబట్టి తలా కాళ్లూ లోపలికి లాక్కుని డబ్బా మూత పెట్టినట్టు మూసేసుకుంటుంది. కళ్లు ఎర్రగా మిరపపండులా ఉంటాయి, మగవాటికి ఎక్కువగా అలాగే ఉంటాయట. ఈ జాతి తాబేలు 1979 నుంచి ఆ రాష్ట్రపు అధికారిక సరీసృపం. మా అక్క దీన్ని అడవిలోంచి ఎత్తుకురాలేదు. కారు తగిలి వెనక కాలొకటి పోయింది. ఇక బయట బతకలేదని చికిత్స చేసినవాళ్లు తేల్చాక అక్క చేతికొచ్చింది. అలాకాక రోడ్డు పక్క కనిపించిన తాబేలును ముద్దొస్తోందని ఇంటికి తెచ్చుకోవడం దానికి అపకారమే. అది పుట్టి పెరిగిన కొద్దిపాటి చోటునే జీవితమంతా తిరుగుతుంది, ఎక్కడ వదిలినా అక్కడికే పోవాలని చూస్తుంది.

పని శనివారం సాయంత్రం మొదలవుతుంది, ముందు పురుగులతో. పెట్‌షాపు నుంచి తెచ్చిన కీచురాళ్లను అక్క గాలిరంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలోకి దులిపి, పైన క్యారెట్ ముక్కలు, రెండు ఆకులు వేస్తుంది. ఇరవైనాలుగు గంటలు అవి తిని కూర్చోవాలి. దీన్ని పెంపకందార్లు గట్ లోడింగ్ అంటారు. ఖాళీ పొట్టతో ఉన్న కీచురాయి ఒట్టి పెంకే, తిన్న కీచురాయిలో దాని తిండి కూడా తాబేలుకు చేరుతుంది.

వానపాములు చేపల ఎరల దుకాణంలో దొరుకుతాయి, ఇరవైనాలుగింటి డబ్బా ఆరు డాలర్లు. నైట్‌క్రాలర్లనే పెద్దరకం కావాలి. కంపోస్టు గుంటల్లో పెరిగే సన్నటి ఎర్రవాటికి తాకగానే చేదైన పసుపు ద్రవం కారుతుంది, కూర్మయ్య నోట్లో పెట్టి ఉమ్మేస్తాడు. ఎర కోసం ఆకుపచ్చ రంగు వేసి అమ్మేవి కూడా ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు. డబ్బా తడిమట్టితో ఫ్రిజ్‌లో కింది అరలో ఉంటుంది. బావగారు మొదటి వారం పెరుగనుకుని తెరిచారట. అప్పటినుంచి మూతమీద పెద్ద తెలుగక్షరాల్లో ‘కూర్మయ్య’ అని రాసి ఉంటుంది.

ఇక కూరలు. ఇక్కడే అసలు లెక్క. తాబేలు డిప్ప ఎముకే, ఎముకకు కాల్షియం కావాలి. తిండిలో కాల్షియం భాస్వరానికి కనీసం రెట్టింపు ఉండాలి. కీచురాయిలో ఈ లెక్క పూర్తిగా తిరగబడి, భాస్వరం ఏడు రెట్లు ఎక్కువ. వానపాములో మూడు నాలుగు రెట్లు. భాస్వరం ఎక్కువైతే ఒళ్లు తన డిప్పలోంచే కాల్షియం తీసుకుంటుంది, డిప్ప మెత్తబడుతుంది. ఆ లోటు పూడ్చేది ఆకు. కొలార్డ్ అని ఇక్కడ దక్షిణాదివాళ్లు పందిమాంసంతో ఉడికించుకునే ముదురు ఆకుంది, క్యాబేజీ చుట్టమే గాని ఉండకట్టదు. వంద గ్రాముల్లో కాల్షియం 230 మిల్లీగ్రాములు, భాస్వరం పాతికే. కట్ట రెండు డాలర్లు. దాంతోపాటు ఆవాకు, ముల్లంగికి చుట్టమైన టర్నిప్ ఆకు, పెరటి పచ్చికలో మొలిచే డాండిలియన్. పాలకూరా తోటకూరా మాత్రం పెట్టదు. వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టి కదలనివ్వవు. ఐస్‌బర్గ్ లెట్యూస్ నీళ్లతో సమానం.

అక్క ఎర్ర పలకమీద 110 గ్రాముల ఆకును తొడిమలు తీసి, చుట్టచుట్టి, పొగాకు తరిగినట్టు సన్నగా తరుగుతుంది. మళ్లీ అడ్డంగా తరుగుతుంది. ఇంత సన్నగా ఎందుకంటే కూర్మయ్య ఏరుకుంటాడు. ఆకు పెద్దగా కనిపిస్తే దాన్ని పక్కకు తోసి పురుగును మాత్రమే తింటాడు. పలావులో జీడిపప్పు ఏరుకునే పిల్లాడికీ వీడికీ తేడా లేదు. ఆ ఏరివేతను ఓడించడమే ఈ వంటలోని నైపుణ్యమంతా.

తర్వాత నారింజరంగువి. బటర్‌నట్ గుమ్మడి ముప్ఫై గ్రాములు, చిలగడదుంప పదిహేను, క్యారెట్ పదిహేను, మూడూ పచ్చివే తురుముపీట మీద. ఈ రంగులోంచి ఒంటికి విటమిన్ ఏ వస్తుంది. అది తగ్గితే ముందు కనురెప్పలు ఉబ్బుతాయి, తర్వాత చెవి దగ్గర బఠాణీగింజంత గడ్డ తేలుతుంది. బాక్స్ తాబేళ్లకు పశువైద్యులు తరచూ కోసి తీసే గడ్డ అది. చిక్కుడు, ఎర్ర కాప్సికం కలిపి ఇరవై. చివర ఇరవై గ్రాముల పండు, ఈ వారం బ్లూబెర్రీలు. పండు అంతకు మించదు. స్ట్రాబెర్రీ ఎర్రదనం చూస్తే వాడికి తక్కినవన్నీ చేదైపోతాయి. అవకాడో, ఉల్లి, పాలు, రొట్టె, ఉప్పుకారం తగిలిన మన కూరలు ఏవీ దరిచేరవు.

మొత్తం 210 గ్రాములు. అక్క చేత్తో ఒక్కటిగా కలుపుతుంది, ఆవకాయకు కలిపినట్టు అడుగునుంచి పైకి. ఐస్ ట్రేలో పదిహేను గ్రాముల చొప్పున పద్నాలుగు గుంటలు నింపి ఫ్రీజర్‌లో పెడుతుంది. పెద్ద తాబేలుకు రోజు విడిచి రోజే తిండి కాబట్టి దగ్గరదగ్గర నెలకు సరిపోతుంది. పిల్లవైతే రోజూ కావాలి, అందులోనూ పురుగులే ఎక్కువ.

ఆదివారం ఉదయం ఆరున్నరకు దీపాలు వెలుగుతాయి. ఒకటి వేడినిచ్చేది, రెండోది యూవీబీ గొట్టం, కాల్షియం ఒంటబట్టడానికి కావలసిన విటమిన్ డీ3 అది ఇచ్చే కిరణాలతోనే చర్మంలో తయారవుతుంది. వెలుగు మామూలుగానే కనిపిస్తున్నా యూవీబీ కొన్నాళ్లకు సన్నగిల్లుతుంది, అందుకే అక్క ఏడాదికోసారి మారుస్తుంది. దీపంకింద రాయి 85 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 29 దాటేదాకా తిండి పెట్టదు. చల్లగా ఉన్న తాబేలుకు నమిలే ఓపికా ఉండదు, అరిగే వేడీ ఉండదు. ఈలోగా గడ్డందాకా మాత్రమే వచ్చే గోరువెచ్చటి నీళ్లలో ఇరవై నిమిషాలు కూర్చోబెడుతుంది. వాడు మెడ చాచి నీళ్లు తాగుతాడు, అందులోనే విసర్జిస్తాడు కూడా.

ఏడున్నరకు ఒక ముద్ద కరిగి గది వేడికి వచ్చి ఉంటుంది. రెండు వానపాములను చల్లటి నీళ్లలో కడిగి, కత్తెరతో అంగుళమున్నర ముక్కలు చేసి ముద్దలో పొదుగుతుంది. కదిలే ముక్కలు అన్నిచోట్లా ఉండాలి, ఒక్కచోట కుప్పపడకూడదు. ఇంకోరోజైతే కీచురాళ్లు నాలుగు, వానపడ్డ మర్నాడు మందు కొట్టని పెరట్లో దొరికిన నత్త. మిణుగురులు మాత్రం ఏరి పారేయాలి, వాటిలో సరీసృపాల పాలిట విషముంది. అడవిలో ఈ తాబేళ్లు మనిషికి ప్రమాదమైన పుట్టగొడుగుల్ని కూడా తింటాయి గాని ఆ సాహసం అక్క చేయదు. పైన కాల్షియం పొడి, వేలి కొసతో తీసిన చిటికెడు, వారానికి రెండుసార్లు. డబ్బా తొమ్మిది డాలర్లు, ఏడాది వస్తుంది. నెల ఖర్చంతా కలిపి ఇరవై డాలర్లకు మించదు.

పళ్లెం అంటే పలుచటి నల్ల పలకరాయి. దానిమీద కొరికితే ముక్కు మరీ పెరక్కుండా అరుగుతుంది. తాబేలుకు పళ్లు లేవు, ముక్కే కత్తి. దీపానికి దూరంగా, నీడలో పెడుతుంది. వాడు నిమిషంపాటు చూస్తాడు. మెడ సాగుతుంది, తల ఓ పక్కకు వాలుతుంది, నోరు టక్కున పడుతుంది. ముందుకాలుతో తొక్కిపట్టి చీలుస్తాడు. పురుగు వెంట ఆకూ లోపలికి పోతుంది. వెనక ఒక్కకాలే కాబట్టి కుడివైపుకు జారుతుంటే అక్క పలకకింద చిన్న రాయి పెట్టింది.

గంట తర్వాత మిగిలింది తీసేస్తుంది. తాబేళ్ల పేగుల్లో సాల్మొనెల్లా ఉంటుంది, వాటికేమీ కాదు, మనకవుతుంది. పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. అందుకే ఎర్ర పలక వంటింటి సింకులో కాదు, గరాజ్‌లో కడుగుతారు. ‘‘ఒరేయ్, సబ్బుతో’’ అని అక్క నా చేతులవైపు చూస్తుంది.

ఈ వంట వాట్సాప్‌లో చూసి మా పిన్ని విజయవాడ నుంచి అడిగింది, శ్రీకూర్మం గుడిలో తాబేళ్లకు ఇలాగే పెట్టొచ్చా అని. పెట్టకూడదు. అవి నక్షత్ర తాబేళ్లు, ఆకుపచ్చిక తినే జాతి, వానపాముల మాంసకృత్తులు వాటికి చేటు. మన దగ్గర వాటిని ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

నెలకోసారి కూర్మయ్యను పిండి తూచే కాటామీద తలకిందులు చేయకుండా కూర్చోబెట్టి తూస్తుంది. మే నెలలో 408 గ్రాములు, జూన్‌లో 412. అక్టోబర్‌లో ఎలాగూ తిండి మానేస్తాడు, చలికాలం నిద్రకు ముందు పొట్ట ఖాళీ కావాలి. అప్పటిదాకా ఈ అంకెలే. నేను వెళ్లే ముందు పలకరాయి తీస్తుంటే దానిమీద ఒకే ఒక్క ముక్క మిగిలింది, ఎర్ర కాప్సికం, అంగుళంలో నాలుగోవంతు. అక్క దాన్ని వంగి చూసి, ‘‘ఈసారి ఇంకా సన్నగా తరగాలి’’ అంది.