కొండ పగులు – కాగితపు వృత్తం

పశ్చిమ కనుమలలో పుట్టిన కృష్ణానది ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమనున్న ఇరుకు ద్వారం గుండా డెల్టా మైదానంలోకి అడుగుపెడుతుంది. దారికి అడ్డుపడిన కొండకు బెజ్జం పడి నది సాగిపోయినదనీ, అందువల్లనే ఈ ఊరికి బెజవాడ అనే పేరు వచ్చినదనీ జనశ్రుతి. 1855 నాటికి పూర్తయిన ఆనకట్టకూ, 1957లో దాని స్థానాన్ని ఆక్రమించిన ప్రకాశం బ్యారేజీకీ ఈ ద్వారమే తావు అయినది. భక్తుడు ఇక్కడ కనకదుర్గ కొండను చూస్తాడు. ఇంజనీరు నీటి మట్టాన్ని చూస్తాడు. భూవిజ్ఞాని చూపు మాత్రం కొండరాతిలోని పగుళ్ళ మీద నిలుస్తుంది.

విజయవాడ కొండలు తూర్పు కనుమల శ్రేణికి చెందినవి. వీటిలోని ఖోండలైటు, చార్నొకైటు శిలలు నూరు కోట్ల సంవత్సరాలకు పైబడిన వయస్సు గలవి. ఖోండలైటుకు ఆ పేరు ఒడిశా కొండలలో నివసించే ఖోండు జాతి ప్రజలను బట్టి వచ్చినది. చార్నొకైటు పేరుకు మూలం కలకత్తాలోని జాబ్ చార్నొక్ సమాధి రాయి. ఇంతకాలం భూగర్భ పీడనాలకు లోనైన రాయి పగలకుండా ఉండజాలదు. పగిలిన తావున రెండు పక్కలా రాయి కదలక ఉన్నచో దానిని సామాన్యమైన పగులు అంటారు. ఒక పక్క రాయి రెండవ పక్క రాయిని ఒరసికొని జారినచో దానిని భ్రంశం అంటారు. ఆ జారుడును ఆపాదించడానికి సాక్ష్యం కావాలి: తెగిపోయిన పొర, నలిగిన రాతిపొడి, రాపిడికి నునుపుదేరిన ముఖం మీది సన్నని గీతలు.

పగులును కనుగొన్న తరువాత అది ఏ దిక్కుగా పరచుకొని ఉన్నదో చెప్పాలి. పెంకుటింటి కప్పును తలచుకొంటే ఇది తేలికగా బోధపడుతుంది. కప్పు మీద సమతలంగా, వెన్నుదూలానికి సమాంతరంగా గీచిన గీత దిక్కును స్ట్రైక్ అంటారు. వానచుక్క జారే దిక్కున కప్పు ఎన్ని డిగ్రీలు వాలి ఉన్నదో దానిని నతి అంటారు. ఈ రెండు కొలతలూ, వాలిన దిక్కూ తెలిసినచో తలం స్థితి పూర్తిగా తెలిసినట్లే. 1894లో పేటెంటు పొందిన బ్రంటన్ దిక్సూచి ఈనాటికీ క్షేత్ర భూవిజ్ఞాని సంచిలో ఉంటుంది. దిక్కునూ వాలునూ అదే కొలుస్తుంది.

చిక్కు ఆ తరువాతనే వస్తుంది. ఒక పూట కొండ ఎక్కి దిగేసరికి నోటు పుస్తకంలో యాభై కొలతలు చేరుతాయి. ప్రతి కొలతలోనూ ఒక దిక్కు, ఒక వాలు ఉంటాయి. అంకెలు చదివి వాటిలోని పొందికను పసిగట్టడం ఎంతటి నిపుణునికైనా కష్టమే. పటం మీద గుర్తించినచో పగులు ఎక్కడ ఉన్నదో కనిపిస్తుంది గాని, పగుళ్ళు ఒకదానితో ఒకటి ఎంత కోణంలో ఖండించుకొంటున్నవో కనిపించదు. అందుకొరకు ఏర్పడినదే స్టీరియోగ్రాఫిక్ ప్రక్షేపం. ఇది స్థలాన్ని విడిచిపెట్టి దిక్కును మాత్రమే ఉంచుకొంటుంది. ఆ త్యాగంలోనే దాని ఉపయోగమంతా ఉన్నది.

ఈ పద్ధతి భూవిజ్ఞానుల సృష్టి కాదు. ఆకాశగోళాన్ని పళ్ళెం మీదికి దించడానికి ప్రాచీన గ్రీకు ఖగోళవేత్తలు దీనిని వాడారు. టాలెమీ దీనిపై ఒక గ్రంథమే రచించాడు. నక్షత్రాల స్థానాలను కొలిచే ఆస్ట్రోలేబు యంత్రం దీని మీదనే ఆధారపడినది. ఆ యంత్రాన్ని గురించి మహేంద్రసూరి 1370లో సంస్కృతంలో ‘యంత్రరాజం’ రచించాడు. స్ఫటికాల ముఖాల మధ్య కోణాలను కొలువదలచిన రష్యా శాస్త్రవేత్త వుల్ఫ్ 1902లో ఈ ప్రక్షేపానికి అచ్చు వలను ప్రకటించాడు. నక్షత్రాల నుండి స్ఫటికాలకూ, స్ఫటికాల నుండి కొండలకూ ఈ వృత్తం దిగి వచ్చినదన్నమాట.

ఒక కొబ్బరిచిప్పను వెల్లకిలా పెట్టి, దాని అంచును దిక్కుల చక్రమని భావించండి. చిప్ప నోటి నడిబిందువు గుండా పోయే ఒక అట్టముక్కను వాలుగా దించినచో, అది చిప్ప లోపలి గోడను ఒక వంపు వెంట తాకుతుంది. ఆ వంపే పగులు తలానికి ప్రతినిధి. అది మహావృత్తంలో సగభాగం. ఇక చిప్పకు పై సగం కూడ ఉన్నదనుకొని, దాని శిఖరం నుండి ఆ వంపు మీది ఒక్కొక్క బిందువుకూ సరళరేఖ గీస్తే, అది చిప్ప నోటిని ఒక తావున దాటుతుంది. ఆ తావులన్నీ కలిపిన చాపం కాగితం మీది బొమ్మ. నతి లేని తలం అంచు మీదనే ఉంటుంది. నిట్టనిలువు తలం నడిమి గుండా సరళరేఖగా సాగుతుంది. మిగిలినవన్నీ ఈ రెంటి నడుమ విల్లులవలె వంగి ఉంటాయి. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల వలలో 60 డిగ్రీల నతి గల తలపు చాపం కేంద్రానికి సుమారు 2.7 సెంటీమీటర్ల దూరంలో సాగుతుంది.

గీయడానికి కావలసిన సామగ్రి స్వల్పమే. వల మీద పారదర్శక కాగితం పరచి, కేంద్రంలో గుండుసూది గుచ్చి, ఉత్తరం గుర్తు పెట్టుకోవాలి. తలం స్ట్రైక్ ఉత్తరం నుండి తూర్పుకు 40 డిగ్రీలు, నతి ఆగ్నేయానికి 60 డిగ్రీలు అనుకొందాం. అంచు వెంట 40 డిగ్రీల వద్ద గుర్తు పెట్టి, ఆ గుర్తు వలలోని ఉత్తరం మీదికి వచ్చేవరకూ కాగితాన్ని తిప్పాలి. అప్పుడు తూర్పు అంచు నుండి లోపలికి 60 డిగ్రీలు లెక్కించి, అక్కడి చాపాన్ని దిద్దాలి. కాగితాన్ని మొదటి స్థితికి తెచ్చినచో ఆ చాపం తన అసలు దిక్కున నిలుస్తుంది. చాపానికి 90 డిగ్రీల దూరాన, ఎదురుపక్క, ఒక చుక్క పెట్టవచ్చును. తలానికి లంబంగా నిలిచే రేఖకు ఆ చుక్క ప్రతినిధి. దానిని ధ్రువబిందువు అంటారు. యాభై చాపాలు గీస్తే కాగితం సాలెగూడవుతుంది. యాభై చుక్కలైతే గుంపులు కట్టి కనిపిస్తాయి. గుంపుల సాంద్రతను లెక్కించేటప్పుడు వుల్ఫ్ వల పనికిరాదు. అది కోణాలను కాపాడుతుంది గాని వైశాల్యాలను సాగదీస్తుంది. అందుకు 1925లో ష్మిట్ ప్రవేశపెట్టిన సమవైశాల్య వలను వాడాలి. ఈ తేడాను ఉపేక్షించి తీసిన నిర్ణయాలకు విలువ లేదు.

పై తలానికి జోడుగా అదే స్ట్రైక్ కలిగి వాయవ్యానికి 60 డిగ్రీలు వాలిన మరొక భ్రంశాన్ని చేర్చండి. రెండు చాపాలూ అంచు మీద, ఈశాన్య–నైరుతి దిక్కున, కలుసుకొంటాయి. వాటి నడుమనున్న 60 డిగ్రీల లఘుకోణాన్ని నిలువురేఖ సమభాగం చేస్తుంది. స్కాట్లండుకు చెందిన ఆండర్సన్ 1905లో ప్రతిపాదించిన సూత్రాన్ని అనుసరించి, అత్యధిక పీడనం ఆ లఘుకోణాన్ని సమద్విఖండన చేసే దిక్కున పనిచేసినట్లు. ఇక్కడ ఆ దిక్కు నిలువు. అంటే పై రాతి బరువే ప్రధాన శక్తి. నేల వాయవ్య–ఆగ్నేయ దిక్కుగా సాగి చీలినది. రెండు చాపాలు ఇంత కథ చెబుతాయి.

ఈ ఉదాహరణను కేవలం లెక్క కొరకు ఎన్నుకోలేదు. కృష్ణా డెల్టా వరిచేల కింద ఇటువంటి అమరికయే ఉన్నది. సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట భారత భూఖండం అంటార్కిటికా నుండి విడివడిన కాలంలో ఈ తీరం ఈశాన్య–నైరుతి దిక్కుగా చీలికలు వారినది. కొన్ని ఖండాలు దిగబడగా, వాటి నడుమ కొన్ని ఎత్తుగా మిగిలాయి. దిగబడిన వాటిని గ్రాబెన్లనీ, మిగిలిన వాటిని హార్స్టులనీ అంటారు. గుడివాడ గ్రాబెన్, బంటుమిల్లి గ్రాబెన్, కాజ–కైకలూరు హార్స్టు, బాపట్ల హార్స్టు అనే పేర్లు చమురు అన్వేషకులకు మన ఊళ్ళ పేర్లంత పరిచితమైనవి. ఒండ్రుమట్టి కప్పిన చోట దిక్సూచి చేయగలది లేదు. బావిలోకి దింపిన పరికరాలు పొరల వాలును నమోదు చేస్తాయి. ఆ కొలతలు తిరిగి ఈ వృత్తంలోకే వచ్చి చేరుతాయి. సహజవాయువు పైకి పోకుండా నిలిచే తావులు కొన్ని భ్రంశాలను ఆనుకొనే ఉండడం వల్ల, ఒక చాపం దిక్కు తప్పినచో కోట్ల రూపాయల బావి ఎండిన బావి కావచ్చును.

చమురు సంగతి అట్లుండగా, నగరవాసికి మరింత దగ్గరి ప్రశ్న ఒకటి ఉన్నది. 2020 అక్టోబరు 21న ఇంద్రకీలాద్రిపై కొండచరియలు విరిగిపడ్డాయి. 2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురం కొండచరియ ఇళ్ళపై పడి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఏ వాలు మీది ఏ రాయి జారడానికి వీలున్నదో ముందుగా విచారించడానికి ఇదే వృత్తం పనికివస్తుంది. తూర్పుకు 70 డిగ్రీలు వాలిన కొండముఖం ఒకటి ఊహించండి. దానిలో రెండు పగుళ్ళు: ఒకటి ఈశాన్యానికి 50 డిగ్రీలు, రెండవది ఆగ్నేయానికి 50 డిగ్రీలు. వృత్తంలో రెండు చాపాలూ ఖండించుకొనే బిందువు తూర్పు దిక్కున, సుమారు 40 డిగ్రీల వాలున ఉంటుంది. రెండు పగుళ్ళ నడుమ చిక్కిన రాతిముక్క ఆ గీత వెంటనే జారగలదు. గీత వాలు కొండముఖం వాలు కంటె తక్కువ కనుక దాని కొస వెలుపలికి తేలి ఉంటుంది. రాతి ఘర్షణ కోణం 30 డిగ్రీలయినచో గీత వాలు దానిని మించినది. ఈ రెండూ కలిస్తే ముప్పు. అదే కొండ పడమటి ముఖంలో ఇవే పగుళ్ళు లోపలికి వాలి ఉంటాయి. అక్కడ ఆ ముక్క ఈ విధంగా జారదు. ఒకే కొండకు ఒక పక్క ఇల్లు కట్టుకోవచ్చుననీ మరొక పక్క కూడదనీ చెప్పగల శక్తి ఈ చిన్న బొమ్మకు ఉన్నది. అయితే పగుళ్ళలో నిండిన వాననీటి ఒత్తిడినీ, కొండ పాదాన్ని తొలిచిన గునపాన్నీ ఇది లెక్కించదు. వాటిని వేరుగా చూచుకోవాలి.

భూకంప వార్తలతోపాటు నలుపు తెలుపు భాగాలుగా చీలిన బంతి బొమ్మను మీరు చూచి ఉండవచ్చును. అదియూ ఈ ప్రక్షేపమే. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతోనూ, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతోనూ నేల కంపించినది; ములుగు కంపం విజయవాడలోనూ తెలిసినది. కంపలేఖినులు నమోదు చేసిన మొదటి అదురు కొన్ని కేంద్రాలలో పైకీ, కొన్నింటిలో కిందికీ ఉంటుంది. వాటిని వృత్తంలో గుర్తిస్తే రెండు చాపాలు వాటిని నాలుగు భాగాలుగా విడదీస్తాయి. ఆ రెంటిలో ఒకటి జారిన భ్రంశం. రెండవది దానికి లంబంగా నిలిచిన ఊహాతలం. ఏది ఏదో బొమ్మ చెప్పదు. అది తెలుసుకోవడానికి భూవిజ్ఞాని మళ్ళీ దిక్సూచి పట్టుకొని ఆ ప్రాంతపు రాళ్ళ దగ్గరికి వెళ్ళవలసినదే. అక్కడి పాత పగుళ్ళ స్ట్రైక్ ఏ చాపంతో సరిపోలుతున్నదో చూడవలసినదే.