మాంసకృత్తు మితి మీరితే – రొమ్ము కాన్సరులో హెర్-2 పాత్ర

మా నల్లగొండ జిల్లా వాళ్ళకు మితం అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. తాగే నీటిలో ఫ్లోరైడు కాస్త ఉంటే పళ్ళకు మంచిదే. అదే లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళను ఏండ్ల తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఆ పాలు బాగా ఎక్కువైతే ఎముకలు వంగిపోతాయి. పదార్థం ఒక్కటే, మారింది పరిమాణం. రొమ్ము కాన్సరులో ఒక రకాన్ని గురించి చదువుతుంటే నాకు ఈ సంగతే మాటిమాటికీ గుర్తుకొచ్చింది. అక్కడ దోషి బయటి నుంచి వచ్చిన విషం కాదు. ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి ఒంట్లోనూ ఉండే ఒక మాంసకృత్తు, అనగా ప్రోటీను. అది కణంలో ఉండవలసిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా తయారవుతుంది. దీనినే శాస్త్రంలో అధిక వ్యక్తీకరణ అంటారు. ఆ ప్రోటీను పేరు హెర్-2.

కణాలు తమంతట తాము విభజన చెందవు. పెరగమని కబురు అందాలి. ఆ కబురు తెచ్చే పదార్థాలే వృద్ధి కారకాలు. అమెరికా శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ అటువంటి దానిని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించి చూస్తే వాటి కళ్ళు గడువుకు ముందే తెరుచుకున్నాయి, పళ్ళు ముందే మొలిచాయి! ఈ కృషికి 1986లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అయితే కబురు తెచ్చేవాడుంటే సరిపోదు, అందుకునేవాడు కూడా ఉండాలె గదా. కణత్వచం మీద నిలబడి ఆ కబురు అందుకునే ప్రోటీన్లను గ్రాహకాలు అంటారు. హెర్ కుటుంబంలో ఇటువంటి గ్రాహకాలు నలుగురు అన్నదమ్ములు. వారిలో రెండవవాడు విచిత్రమైనవాడు. వానికి నేరుగా కబురు తెచ్చే కారకమేదీ ఇంతవరకు కనబడలేదు. ఎప్పుడూ చెయ్యి చాపుకొని ఉండి, కబురందుకున్న అన్ననో తమ్మున్నో పట్టుకొని జంట కడతాడు. జంట కుదరగానే కణం లోపలివైపున్న వారి తోకలు ఒకదానికొకటి ఫాస్ఫేటు అంటించుకుంటాయి. అక్కడి నుంచి ఆజ్ఞ చేతులు మారుతూ కేంద్రకం దాకా పోయి, కణం రెండవుతుంది.

ఇప్పుడు అంకెలు చూడండి. మామూలు కణంలో హెర్-2 జన్యువుకు 17వ క్రోమోజోము జంట మీద రెండు ప్రతులుంటాయి. కణం ఉపరితలం మీద సుమారు 20 వేల గ్రాహకాలుంటాయి. కొన్ని కాన్సరు కణాలలో జన్యువు ప్రతులు 25, 50 దాకా పెరిగి, గ్రాహకాలు 20 లక్షల వరకు పోతాయి. అంత కిక్కిరిసి ఉన్నప్పుడు కబురుతో పనేముంది? తమలో తామే జంటలు కట్టేస్తాయి. మా దిక్కు బోర్లకు ఆటో స్టార్టర్లు పెట్టినట్లే ఇది. కరెంటు వచ్చిందంటే మనిషి లేకున్నా మోటరు నడుస్తుంది, మడి నిండి పొర్లినా ఆపేవాడుండడు.

ఈ జన్యువు మొదట 1984లో ఎలుకల నాడీకణితిలో బయటపడింది. మనిషిలోని దానిని 1985లో ఆక్సెల్ ఉల్‌రిచ్, ఆయన సహచరులు వేరుచేశారు. అసలు మలుపు 1987లో వచ్చింది. లాస్ ఏంజిలిస్ వైద్యుడు డెనిస్ స్లామన్ బృందం 189 మంది రొమ్ము కణితులను పరీక్షించగా, సుమారు 30 శాతంలో ఈ జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయి. ప్రతులు పెరిగినవారికి జబ్బు త్వరగా తిరగబెట్టింది, వారు త్వరగా చనిపోయారు. తర్వాతి లెక్కల్లో ఈ శాతం 15 నుంచి 20 అని తేలింది. అంటే రొమ్ము కాన్సరు వచ్చిన ప్రతి ఐదారుగురిలో ఒకరు.

అంతకుముందున్న మందులు విభజన చెందే కణమేదైనా దెబ్బ కొట్టేవి. అందుకే జుట్టు రాలేది, నోరు పూసేది. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేటు వెనుక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషి ఉన్నదని ఎంతమందికి తెలుసు? ఆ మందులు నేటికీ కావాలి. కాని హెర్-2 వచ్చాక గురి చూసి కొట్టడం సాధ్యమైంది. గ్రాహకానికి అతుక్కొనే ప్రతిరక్షకం ట్రాస్టుజుమాబ్‌కు 1998లో అమెరికాలో అనుమతి దొరికింది. అది గ్రాహకం పనిని అడ్డుకుంటుంది, మన రక్షక కణాలకు "వీడే దొంగ" అని గుర్తు కూడా పెడుతుంది. జబ్బు ఒళ్ళంతా పాకినవారి మీద జరిగిన పరీక్షలో సగటు ఆయుర్దాయం 20 నెలల నుంచి 25 నెలలకు పెరిగిందని 2001లో ప్రకటించారు. ఐదు నెలలేనా అనిపించవచ్చు. కాని తొలిదశలోనే ఇస్తే తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతుందని 2005లో వెల్లడైంది. కనుక ఎప్పుడు కనిపెట్టామన్నది ముఖ్యం.

కనిపెట్టడం ఎట్లా? కణితి ముక్కను మైనపు దిమ్మెలో ఉంచి, పలుచగా కోసి, హెర్-2కు మాత్రమే అంటుకునే రంగు వేస్తారు. సూక్ష్మదర్శినిలో పదింట ఒక వంతుకు మించిన కణాల చుట్టూ గోధుమరంగు గీత చిక్కగా, పూర్తిగా కనిపిస్తే 3+, అనగా పాజిటివ్. సున్నా, 1+ అయితే నెగెటివ్. 2+ వస్తే తేలనట్లు. అప్పుడు ఫిష్ అనే పరీక్షలో జన్యువు ప్రతులను వెలిగే చుక్కలుగా లెక్కబెడతారు. ఇదంతా సరిగ్గా రావాలంటే తీసిన ముక్కను గంటలోపు పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి, 6 గంటలకు తక్కువ కాకుండా 72 గంటలకు మించకుండా అందులో ఉంచాలి. ఉప్పునీళ్ళలో వేసి బస్సులో పట్నం పంపితే ఫలితం నమ్మదగినది కాదు.

ఈ నియమం విలువ మా ఇంట్లో తెలిసివచ్చింది. కల్వకుర్తి దిక్కున్న మా పెద్దమ్మకు రొమ్ములో గడ్డ లేచింది. "నొస్తలేదు గద బిడ్డా, పత్తి ఏరుడైనంక పోదం" అన్నది. నొప్పిలేని గడ్డనే ఎక్కువ అనుమానించాలని ఆమెకు ఎవరు చెప్పారు? తర్వాత ఒక చిన్న దవాఖానలో గడ్డ తీసి కుట్లు వేసి పంపారు. తీసిన ముక్కను ఏ పరీక్షకూ పంపలేదు. ఏడాది తిరిగేసరికి చంకలో బిళ్ళ కట్టింది. హైదరాబాదులో అక్కడి ముక్క తీసి చూస్తే హెర్-2 3+. ఆ మొదటి ముక్కకే పరీక్ష జరిగి ఉంటే సంవత్సరం ముందే సరైన మందు మొదలయ్యేది. ఇప్పుడు మూడు వారాలకొకసారి సూది. ఈ ప్రోటీను గుండె కండరానికి కూడా అవసరమే కాబట్టి మూడు నెలలకొకసారి గుండెకు ఎకో పరీక్ష తప్పదు.

ఖర్చు సంగతి. ఒకప్పుడు ఈ మందు రైతు కుటుంబాలు ఊహించలేని ధర. 2014లో మనదేశంలోనే బయోకాన్ దీనికి బయోసిమిలర్, అంటే దాదాపు సరిసమానమైన మందు, విడుదల చేశాక పోటీ వచ్చి ధర దిగింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాలలో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలయింది. ఏ మందు ఏ మేరకు వస్తుందో దవాఖానలోని ఆరోగ్యమిత్రను ముందే అడగాలె. ఎక్కడ చేయించుకున్నా పరీక్ష కాగితంతో పాటు మైనపు దిమ్మె కూడా మన హక్కే, రెండో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అది పనికొస్తుంది.

ఇంకొక మాట. పెద్దమ్మ జబ్బు తెలియగానే మా అక్కకు కుదిరిన సంబంధం ఆగింది. తల్లికి రాచపుండు అయితే బిడ్డకూ వస్తదని పెండ్లివారి భయం. నేను కాగితం మీద క్రోమోజోము బొమ్మ గీసి, హెర్-2 ప్రతులు పెరిగింది ఆ కణితిలోనే గాని పుట్టుకతో వచ్చిన రక్తంలో కాదు, అది బిడ్డకు దిగదు అని చెప్పాను. వారిలో ఒక పెద్దాయన, "అయితే విత్తనంల లేదు, ఆకుకు పట్టిన తెగులన్నట్టు" అన్నాడు. తల్లిదండ్రుల నుంచి వచ్చే బి.ఆర్.సి.ఏ. జన్యులోపాల సంగతి వేరు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ కాన్సరు వస్తే దానికి వేరే రక్తపరీక్ష ఉంది. మా ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే, అదీ యాభై ఏండ్లు దాటాక. అయినా మా అక్కను నెలకొకసారి తనంతట తాను చూసుకొమ్మని, ఏ గడ్డ తగిలినా పత్తి ఏరుడు అయ్యేదాకా ఆగవద్దని చెప్పాను.