ఎంపెంబా ఫిజిక్స్, మా హాస్టల్ ఫ్రిజ్

వేడినీళ్ళు, చన్నీళ్ళు పక్కపక్కనే ఫ్రీజర్‌లో పెడితే ఏవి ముందు గడ్డకడతాయి?

పోయిన సెమిస్టర్‌లో ఒక ఆదివారం మెస్‌లో పెరుగు లైన్లో నిలబడి ఉండగా వచ్చిన ప్రశ్న ఇది. "వేడివే ముందు కడతాయి మావా" అన్నాడు నా రూమ్మేట్. "మా అమ్మ పాల ఐస్ చేస్తుంది కదా, పాలు చల్లారకుండానే పెట్టేస్తుంది. తొందరగా అయిపోద్దంట." వాళ్ళది చింతలపూడి వైపు ఒక పల్లెటూరు. ఇంటి ముందు గదిలోనే చిన్న కిరాణా కొట్టు. వాడు టెన్త్ దాకా తెలుగు మీడియం.

నేను నవ్వాను. అక్కడితో ఆగితే పోయేది. "మీ ఊళ్ళో ఫిజిక్స్ వేరేనా?" అన్నాను. లైన్ మొత్తం నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ తర్వాత వాడు క్లాసులో డౌట్లు అడగడం మానేశాడు. అది గమనించడానికి నాకు నెల పట్టింది.

నా వాదన చాలా సింపుల్. 90 డిగ్రీల నీళ్ళు గడ్డకట్టాలంటే ముందు 30కి దిగాలి. అలా దిగేసరికే కొంత టైం అయిపోతుంది. 30 నుంచి కిందికి రెండు గ్లాసులకీ దారి ఒకటే. కాబట్టి ముందు బయల్దేరిన చన్నీళ్ళే గెలవాలి. ఇందులో తప్పెక్కడుందో చెప్పండి చూద్దాం. నాకైతే కనపడలేదు.

అదే వాదనని ఇంకా గట్టిగా నిరూపిద్దామని నెట్‌లో వెతుకుతుంటే ఎరాస్టో ఎంపెంబా దొరికాడు.

1963లో టాంజానియాలో (అప్పటికి దాని పేరు టాంగన్యికా) ఎంపెంబా స్కూల్లో చదువుతున్నాడు. అక్కడి పిల్లలు పాలు కాచి, పంచదార కలిపి, చల్లారాక ఫ్రీజర్‌లో పెట్టి ఐస్‌క్రీమ్ చేసుకునేవాళ్ళు. ఫ్రీజర్‌లో చోటు తక్కువ, పోటీ ఎక్కువ. ఒకరోజు ఎక్కడ చోటు పోతుందోనని ఎంపెంబా వేడి పాలే పెట్టేశాడు. ఇంకో కుర్రాడు పాలు కాచకుండానే పెట్టాడు. గంటన్నర తర్వాత చూస్తే ఎంపెంబాది గడ్డకట్టింది, రెండోది ఇంకా చిక్కటి ద్రవంగానే ఉంది. ఫిజిక్స్ మాస్టార్ని అడిగితే నువ్వేదో పొరపాటు పడ్డావన్నారు. తర్వాత టాంగా పట్నంలో ఐస్‌క్రీమ్ అమ్మే ఒక స్నేహితుడు మాత్రం తాను కూడా వేడిగానే పెడతానని చెప్పాడు.

పై చదువుకి ఇరింగాలోని స్కూల్‌కి వెళ్ళాక, న్యూటన్ శీతలీకరణ నియమం పాఠంలో మళ్ళీ అడిగాడు. అది ఎంపెంబా ఫిజిక్స్ అయ్యుంటుంది గానీ విశ్వమంతటికీ వర్తించే ఫిజిక్స్ కాదు అన్నారట ఆ మాస్టారు. ఇక క్లాసులో అదే జోకు. వాడు లెక్క తప్పు చేస్తే అది ఎంపెంబా లెక్క.

ఇది చదివినప్పుడు రాత్రి ఒంటిగంట. పక్క మంచం మీద మావాడు నిద్రపోతున్నాడు. మెస్‌లో నేనన్న మాట దాదాపు ఇదే.

ఎంపెంబా ఊరుకోలేదు. డెనిస్ ఆస్బోర్న్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ దార్ ఎస్ సలామ్ నుంచి వాళ్ళ స్కూల్‌కి వచ్చినప్పుడు అందరి ముందూ లేచి అడిగాడు. ఒకే రకం గిన్నెల్లో సమానంగా నీళ్ళు, ఒకటి 35 డిగ్రీలు, ఒకటి 100 డిగ్రీలు. 100 డిగ్రీలదే ముందు గడ్డకడుతుంది, ఎందుకు? పిల్లలంతా నవ్వారు. ఆస్బోర్న్‌కీ నమ్మకం లేదు, కానీ తిరిగి వెళ్ళాక తన ల్యాబ్ టెక్నీషియన్ చేత చేయించాడు. వేడివే ముందు గడ్డకట్టాయని, సరైన ఫలితం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేస్తామని ఆ టెక్నీషియన్ చెప్పాడట! (మన ల్యాబ్ రికార్డులు రాసే పద్ధతి కూడా ఇదే కదా.) 1969లో ఇద్దరూ కలిసి 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' పత్రికలో పేపర్ వేశారు. దాన్నే ఇప్పుడు ఎంపెంబా ఎఫెక్ట్ అంటున్నారు.

మరి నా వాదనలో తప్పేంటి? సీఎస్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. నేను నీళ్ళని ఒకే ఒక్క వేరియబుల్ ఉన్న ప్రోగ్రాం అనుకున్నాను. టెంపరేచర్ 30 అయితే ఇక గతంతో పని లేదన్నమాట. నిజానికి స్టేట్‌లో ఇంకా చాలా ఉన్నాయి. 90 నుంచి దిగిన నీళ్ళలో కొంత ఆవిరైపోయింది, అంటే గడ్డకట్టాల్సిన నీళ్ళే తగ్గాయి. కరిగి ఉన్న గాలి కూడా కొంత బయటికి పోయింది. లోపల పైకీ కిందికీ తిరిగే ప్రవాహాలు వేరుగా ఉంటాయి. ఫ్రీజర్ అడుగున మంచు పేరుకుని ఉంటే అది దుప్పటిలా అడ్డుపడుతుంది. వేడి గిన్నె దాన్ని కరిగించి నేరుగా చల్లటి లోహానికి ఆనుతుంది. పైగా నీళ్ళు సున్నా దగ్గరే గడ్డకట్టాలని రూలేం లేదు, ఒక్కోసారి సున్నా కంటే కొన్ని డిగ్రీలు కిందికి దిగినా ద్రవంగానే ఉంటాయి. అది ఎప్పుడు గడ్డకడుతుందన్నది కొంత లాటరీయే.

అయితే ఎంపెంబానే కరెక్టా? ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు జాగ్రత్తగా కొలిచి, నీళ్ళు సున్నాకి దిగే టైంలో అలాంటి ఎఫెక్ట్‌కి చెప్పుకోదగ్గ ఆధారమేదీ లేదన్నారు. థర్మామీటర్ ఉన్న ఎత్తు ఒక సెంటీమీటర్ మారినా ఫలితం తారుమారైనట్టు కనిపించగలదట. 2020లో అవినాశ్ కుమార్, జాన్ బెకోఫర్ ఇంకో దారిలో వెళ్ళారు. నీళ్ళలో తేలే అతి చిన్న గాజు పూసతో చేసి, ఆ వ్యవస్థలో వేడిది ముందు చల్లబడటం స్పష్టంగా చూపించారు. అంటే నా "ఒకే దారి" వాదన సూత్రంగా అయితే తప్పే. గ్లాసు నీళ్ళ సంగతి మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.

పొద్దున్నే మావాడికి మొత్తం చెప్పి సారీ అన్నాను. "సరే గానీ, మనం చేద్దామా?" అన్నాడు.

వార్డెన్ దగ్గర పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ ఉంది. ఒకే సైజు స్టీల్ గ్లాసులు రెండు, మెస్ నుంచి వేడినీళ్ళు, ఫోన్లో టైమర్. మొదటిరోజే గొడవ. గడ్డకట్టడమంటే ఏంటి? పైన పొర కడితేనా, స్పూన్ దిగకపోతేనా? దీనిమీదే అరగంట కొట్టుకున్నాం. చివరికి స్పూనే ఖాయం చేశాం. ఆరు రాత్రుల్లో ఐదుసార్లు చన్నీళ్ళే గెలిచాయి. ఒక్కసారి వేడివి గెలిచాయి. ఆరుసార్లు చేసి, థర్మామీటర్ లేకుండా ఏదో తేల్చేశామని నేను అనను. కానీ వేడివి గెలిచిన రాత్రి ఫ్రీజర్ అడుగున వేలెడు మందం మంచు ఉంది. తర్వాతి రోజు వార్డెన్ డీఫ్రాస్ట్ చేశారు. మళ్ళీ వేడివి గెలవలేదు.

ఎంపెంబా చివరికి ఏమయ్యాడో కూడా వాడే అడిగాడు. సైంటిస్ట్ కాలేదు. పేపర్ వచ్చేనాటికే వన్యప్రాణుల సంరక్షణ చదువుతున్నాడు, తర్వాత ప్రభుత్వంలో వన్యప్రాణుల అధికారిగా పనిచేశాడు. నాకు కొంచెం నిరాశగా అనిపించింది. వాడికి అనిపించలేదు. "పేపర్ అయితే ఉంది కదా" అన్నాడు. వాడిప్పుడు గేట్‌లో ఫిజిక్స్ పేపర్ సిలబస్ చూస్తున్నాడు, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ప్లేస్‌మెంట్ మాటేంటని నేనడిగితే సమాధానం లేదు. నా దగ్గరా లేదు, నేను సీఎస్ తీసుకుంది ర్యాంకు వచ్చిందనే.

పండక్కి ఇంటికెళ్ళినప్పుడు వాడు వాళ్ళమ్మని అడిగాడట, వేడి పాలు ఎందుకు పెడతావని. "మన ఫ్రిజ్‌లో గడ్డ పేరుకుపోద్ది కదరా. వేడి గిన్నె పెడితే అడుగు కరిగి కుదురుగా కూర్చుంటది. కొత్త ఫ్రిజ్ అయితే నేనెందుకు పెడతాను?" అందట.