సాఫ్ట్‌వేర్ ఉద్యోగమునకు రెజ్యూమె: వ్రాయవలసినది, విడువవలసినది

1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టభద్రులు ఉద్యోగమునకై రాజధాని బస్సు ఎక్కుచునే యున్నారు. 2023లో సూర్యాపేటలోనే ఐ.టి. హబ్ ప్రారంభింపబడినది. కార్యాలయము దగ్గరైనను, దూరమైనను అభ్యర్థికంటె ముందు లోపలికి పోవునది ఒక కాగితము. దానిని పూర్వము బయోడేటా అనెడివారము. ఇప్పుడు రెజ్యూమె అనుచున్నాము. రెండును ఒకటి కావు. బయోడేటాలో తండ్రి పేరు, మతము, వివాహ వివరములు ఉండెడివి. (పెండ్లి సంబంధమునకు పంపు కాగితమునకును దానికిని పెద్ద భేదము కనిపించెడిది కాదు.) రెజ్యూమెలో వీటికి తావు లేదు. మీరేమి చేయగలరు, అందులకు నిదర్శనమేమి అన్నదే అక్కడ కావలసినది.

ఇటీవల బి.కాం. కంప్యూటర్స్ చదువు విద్యార్థి యొకడు తన రెజ్యూమె తెచ్చి చూపెను. "కష్టపడి పనిచేయుదును, త్వరగా నేర్చుకొందును, జట్టులో కలిసి మెలగుదును" అని మొదటనే యున్నది. సీనియర్ కాగితమును చూచి వ్రాసినాడు. ఆ సీనియర్ ఫోను నంబరు కూడ అట్లే నిలిచియున్నది! సెలవులలో ఏమి చేసితివని అడుగగా, మిర్యాలగూడలో మేనమామ గుమాస్తాగా ఉన్న రైసుమిల్లులో లెక్కలు చూచితిననెను. ధాన్యము లారీ తూకము ఒక పుస్తకములో, తేమ శాతము వేరొక చీటిలో, చెల్లింపు మూడవచోట వ్రాసెడివారట. ఇతడు ఆ మూడింటిని ఎక్సెల్‌లో ఒకే పట్టికగా కలిపి, ఏ రైతుకెంత బాకీయో వెంటనే తెలియునట్లు సూత్రములు అమర్చినాడు. ఆ సంగతి కాగితమున ఎక్కడను లేదు.

"అది మిల్లు పని కదా సార్!" అనెను.

పలుచోట్ల చెదరియున్న సమాచారమును ఒకచోటికి తెచ్చి వాడుకకు అనువుగా అమర్చుటయే డేటా ఉద్యోగులు చేయు పనిలో పెద్దభాగము. "కంప్యూటర్ పరిజ్ఞానము కలదు" అను వాక్యమును కొట్టివేయించి, సమస్య ఏమి, తాను చేసినదేమి, ఏ సాధనముతో, ఫలితమేమి అన్నది రెండు పంక్తులలో మొదటనే వ్రాయించితిని.

ఉర్దూ, తెలుగు రెండును తెలిసినవారు ఆ మాటను కడపట "భాషలు" అను శీర్షిక క్రింద పెట్టి ఊరకుందురు. ఉర్దూ కుడినుండి ఎడమకు నడచును. అందలి అంకెలు మాత్రము ఎడమనుండి కుడికి. తెలుగు ఒత్తులు ఒక్కొక్కప్పుడు తెరమీద విడిపోవును. ఇట్టి లోపములు ఆ భాష తెలిసినవారికే కంటబడును. ఏదైన యాప్‌ను రెండు భాషలలో పరీక్షించి, కనుగొన్న దోషములను స్క్రీన్‌షాట్లతో వ్రాసిపెట్టినచో టెస్టింగు ఉద్యోగమునకు అదియే చక్కని ప్రాజెక్టు.

పెద్ద సంస్థలలో దరఖాస్తులను మొదట సాఫ్ట్‌వేరే చదివి వడపోయుట సామాన్యము. రంగుల పెట్టెలు, రెండు నిలువు వరుసలు, బొమ్మగా అతికించిన అక్షరములు దానికి సరిగా అందకపోవచ్చును. ఒకే వరుసలో, ఒక పుటకు మించకుండ వ్రాయుడు. ప్రకటనలో అడిగిన ఎస్‌క్యూఎల్, పైథాన్ వంటివాటిలో మీకు వచ్చినవానినే అవే పేర్లతో చేర్చుడు.

మన విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పవలసినది పేరును గురించి. మెమోలో "ఎండీ", ఆధార్‌లో "మహమ్మద్", పాన్ కార్డులో "మొహమ్మద్". ఇక సయ్యద్‌కు ఆంగ్లమున ఎన్ని వర్ణక్రమములో! ఉద్యోగము వచ్చిన పిదప తనిఖీవేళ అఫిడవిట్లకై పరుగెత్తుటకంటె, పదవ తరగతి మెమోలో ఉన్నట్లు మిగిలినవాటిని ఇప్పుడే సరిచేయించుకొనుడు.

సొమ్ము తీసుకొని లేని అనుభవమునకు పత్రములు ఇచ్చువారు హైదరాబాదున కలరు. వారి వాకిలి తొక్కకుడు. ఏ యజమాని ఏ నెల జమచేసినదియు భవిష్యనిధి ఖాతాలో కనబడును. తనిఖీ చేయువారు దానిని అడుగుట కలదు. చేరిన కొన్ని నెలలకైనను సంగతి బయటపడినచో ఉద్యోగమును పోవును, తరువాతి ఉద్యోగమున దానికి సమాధానమును చెప్పుకొనవలెను.

ఆ విద్యార్థి మరునాడు కొత్త ప్రతి తెచ్చెను. మిల్లు లెక్కలు మొదటికి వచ్చినవి. ఫోను నంబరు కూడ ఈమారు తనదే.