దేశాలు కలిపి సినిమాకు డబ్బు కూర్చే కొలువు

1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా ముస్లిం పురుషులను, మగపిల్లలను ఊచకోత కోశారు. ఆ దారుణంపై దర్శకురాలు యాస్మిలా జ్బానిచ్ 2020లో ‘కో వాదిస్, ఐదా?’ తీశారు. అంతటి సినిమాకు చిన్న దేశమైన బోస్నియా డబ్బొక్కటే చాలదు. ఆస్ట్రియా, జర్మనీ, నెదర్లాండ్స్, పోలండ్, రుమేనియా, ఫ్రాన్స్, నార్వే, టర్కీ సంస్థలు తలో చెయ్యి వేశాయి. సినిమా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

ఇలా పలు దేశాల సొమ్మును ఒకే లెక్కలోకి తెచ్చే పనే కో-ప్రొడక్షన్ ఫైనాన్స్. కామర్స్, లా చదివిన సినీప్రియులు తప్పక పరిశీలించాల్సిన కెరీర్ ఇది.

డబ్బు ఎక్కడిది?

మన దగ్గర నిర్మాత ఫైనాన్షియర్ వద్ద వడ్డీకి తెచ్చి, ఏరియా హక్కులు అమ్మి గట్టెక్కుతారు. యూరప్ ఇండిపెండెంట్ సినిమా దారి వేరు. జాతీయ ఫిల్మ్ ఫండ్లు, ప్రాంతీయ నిధులు, టీవీ ఛానళ్ల ముందస్తు కొనుగోళ్లు, పన్ను రాయితీలు, సేల్స్ ఏజెంట్ ముందుగా ఇచ్చే మినిమం గ్యారంటీ (ఎంజీ) అన్నీ కలిస్తేనే బడ్జెట్ నిండుతుంది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ కౌన్సిల్ సినిమా నిధి యూరిమాజ్ 1988లో ఏర్పడింది. కనీసం రెండు సభ్యదేశాల నిర్మాతలు కలిసి తీసే సినిమాకు గరిష్ఠంగా 5 లక్షల యూరోలు ఇస్తుంది. బెల్జియంలో టాక్స్ షెల్టర్ ఉంది: సినిమాలో డబ్బు పెట్టిన కంపెనీకి పన్ను తగ్గుతుంది.

ప్రతి నిధికీ ఒక షరతు ఉంటుంది. మా గడ్డమీద ఖర్చు పెట్టాలని ఒకరు, మా టెక్నీషియన్లను తీసుకోవాలని మరొకరు అడుగుతారు. 2017లో సవరించిన యూరప్ కో-ప్రొడక్షన్ ఒప్పందం ప్రకారం మూడు లేదా అంతకుమించి దేశాలు కలిస్తే ఒక్కొక్కరి వాటా కనీసం 5 శాతం ఉండాలి. పైగా సినిమా సందేశం మంచిదైనంత మాత్రాన నిధి రాదు. స్క్రిప్టు, దర్శకుల గత చిత్రాలు, ప్రేక్షకులకు చేరే దారి చూస్తారు. సంక్షేమ భృతి కోసం నలిగిపోయే కార్మికుడి కథ ‘ఐ, డేనియల్ బ్లేక్’కు 2016లో కేన్స్ అగ్ర పురస్కారం పామ్ దోర్ వచ్చింది. దాని వెనకా బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం సంస్థలున్నాయి.

పని, చదువు

ఫైనాన్స్ ప్లాన్ వేయడం, వాయిదాల్లో వచ్చే సొమ్ముకు తగ్గట్టు క్యాష్ ఫ్లో చూడటం, ఒప్పందాలు రాయడం, వసూళ్లలో ఎవరికి ముందు ఎంత వెళ్లాలో తేల్చడం ఈ ఉద్యోగి బాధ్యతలు. బీకామ్, సీఏ, కాపీరైట్ చట్టంపై పట్టు పునాదిగా పనికొస్తాయి. కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొడ్యూసింగ్ స్పెషలైజేషన్ ఉంది. లిస్బన్, టాలిన్‌లలో సాగే ‘కీనో ఐస్’ మాస్టర్స్‌ను ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్‌తో చదవవచ్చు. ఫ్రెంచ్ వస్తే మరింత మేలు.

భారత్‌కు ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీలతో కో-ప్రొడక్షన్ ఒప్పందాలున్నాయి. 2024లో కేన్స్ గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’కు ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ సంస్థలు తోడయ్యాయి. గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) 2007 నుంచి నడిపిస్తున్న ఫిల్మ్ బజార్‌లో విదేశీ నిర్మాతలు కలుస్తారు.

ఒక్కో సినిమాకు ఏళ్లు పడతాయి, తొలి అడుగు సహాయకుడి స్థాయిలోనే. ఆసక్తి ఉన్నవారు ముందుగా యూరిమాజ్ నిబంధనలు చదవాలి. ఆపై నచ్చిన ఒక యూరప్ సినిమా టైటిల్స్‌లోని ప్రతి సంస్థా ఏ దేశానిదో, ఎందుకు డబ్బు పెట్టిందో రాసుకోవాలి.