ప్రతి కాగితానికీ జవాబుదారీ ఉండాలి

చిరంజీవి మేనకోడలికి,

నువ్వు వంద పడకల ఆసుపత్రికి అడ్మినిస్ట్రేషన్ మేనేజరువయ్యావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషించాను. రికార్డుల విషయంలో ఎవరెవరికి ఏ బాధ్యత అప్పగించాలో నెల తిరిగేలోగా ప్లాను ఇమ్మన్నారట కదా. మెడికల్ రికార్డ్స్ విభాగంలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి, నేను గట్టిగా నమ్మిన మాట చెబుతాను. ఏ కాగితానికి ఏ దశలో ఎవరు జవాబుదారీయో తేలకపోతే, ఎంతమందిని పెట్టుకున్నా, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ఫలితం ఉండదు.

సిబ్బంది జాబితా తరవాత చూద్దువుగాని. ముందు ఒక కేస్ షీటు పట్టుకుని దాని వెంట నడువు. రిజిస్ట్రేషన్ కౌంటర్లో ఐపీ నంబరు పడుతుంది. వార్డులో డ్యూటీ డాక్టరు నోట్స్ రాస్తారు, సిస్టర్లు చార్టులు నింపుతారు. ల్యాబ్ నుంచి, ఎక్స్‌రే నుంచి రిపోర్టులు వచ్చి చేరతాయి. డిశ్చార్జి సమ్మరీ అయ్యాక బిల్లింగ్‌కి, అక్కణ్ణుంచి రికార్డు రూముకి వెళ్తుంది. అది చేతులు మారే ప్రతిచోటా ఆగి, ఇచ్చినవాళ్లెవరు, పుచ్చుకున్నవాళ్లెవరు, సంతకం ఎక్కడ ఉంది అని అడుగు. కాగితాలు తప్పిపోయేది ఎక్కువగా ఆ మలుపుల్లోనే.

బయాప్సీ రిపోర్టు సంగతే చూడు. పేషెంటు ఇంటికెళ్లిన వారానికి రిపోర్టు వస్తుంది. వార్డుకి పంపేశామంటుంది ల్యాబ్. పేషెంటు వెళ్లిపోయాడు కదా అంటారు వార్డు సిస్టరు. ఫైలు ముగిసిపోయిందంటాడు రికార్డు క్లర్కు. ముగ్గురూ ఎవరి పని వాళ్లు చేసినట్టే కనిపిస్తారు. ఆ రిపోర్టులో క్యాన్సర్ అని ఉంటే పేషెంటుకి ఫోన్ చేసేదెవరు? నీ ప్లానులో ఈ ప్రశ్నకి జవాబు తప్పకుండా ఉండాలి. నన్నడిగితే, ఆపరేషన్ చేసిన డాక్టరుకి చూపించే బాధ్యత ల్యాబ్ ఇన్‌ఛార్జిది, పేషెంటుకి కబురందేలా చూసే బాధ్యత ఆ డాక్టరుది.

ప్రతి రికార్డుకీ అయిదు గడుల పట్టిక గీసుకో: రాసేదెవరు, సరిచూసేదెవరు, భద్రపరిచేదెవరు, బయటికివ్వడానికి అనుమతి ఎవరిది, వాళ్లు సెలవులో ఉంటే ఎవరు. మనుషులు మారుతుంటారు కాబట్టి పేర్లకి బదులు హోదాలు రాయి. అనుమతించేవాళ్లూ కాగితం తీసిచ్చేవాళ్లూ ఒకరే కాకుండా చూడు. మెడికో లీగల్ కేసుల్లో ఇది మరీ ముఖ్యం. అర్ధరాత్రి పోలీసులు రిక్విజిషన్ పట్టుకొస్తే ఎవర్ని లేపాలో కౌంటర్లో ఉన్న కుర్రాడికి కూడా తెలిసి ఉండాలి.

గడువులూ ఆ పట్టికలోనే ఉండాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డుల్ని చికిత్స మొదలైన నాటి నుంచి కనీసం 3 ఏళ్లు ఉంచాలి. పేషెంటో, అధికారం ఉన్న అతని మనిషో అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అందుకని దరఖాస్తు అందుకోగానే తేదీ, సమయం వేసి రసీదు ఇచ్చే పని ఒకరికి అప్పగించు. కోర్టులో ఉన్న కేసు ఫైళ్లని మాత్రం మూడేళ్లయిందని తీసేయనివ్వకు.

బాధ్యత అప్పగించినప్పుడు అధికారం కూడా ఇవ్వాలమ్మా. సంతకం లేని కేస్ షీటు గురించి పెద్ద సర్జన్ని నిలదీయడం రికార్డు క్లర్కు వల్ల కాదు. అసంపూర్తి షీట్ల జాబితా వారంవారం తయారుచేయడం అతని పని, వాటిని పూర్తి చేయించడం మెడికల్ సూపరింటెండెంట్ పని. ఇలా విడదీయకపోతే తిట్లన్నీ చిన్న ఉద్యోగి తింటాడు, షీట్లు మాత్రం అలాగే పడుంటాయి.

కంప్యూటర్ల దగ్గర ఎవరి లాగిన్ వాళ్లకి ఇవ్వు. షిఫ్టు మొత్తానికీ ఒకే పాస్‌వర్డ్ అయితే ఎవరేం మార్చారో ఎప్పటికీ తేలదు. ఎవరైనా ఉద్యోగం మానేస్తే అదే రోజు ఐటీ వాళ్లకి చెప్పే పని హెచ్‌ఆర్‌ది. 2022 నవంబర్ 23న సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లే ఆగిపోయాయి. అంత పెద్ద ఆసుపత్రిలో రోజుల తరబడి పనులు కాగితాల మీద నడిపారు. మీ దగ్గర అలా జరిగితే కాగితాలకి మారమని చెప్పేదెవరు? ఖాళీ ఫారాలు ఎక్కడుంటాయి? ఇలాంటి దాడి జరిగితే సైబర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కి 6 గంటల్లో తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లోనే ఆదేశాలు వచ్చాయి, ఆ పని ఎవరిది? 2023 వ్యక్తిగత డేటా చట్టంలో భద్రత పాటించని సంస్థకి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఈ మాట మీ యాజమాన్యానికి ముందే చెప్పి ఉంచు.

ప్లాను రాశాక ఎవరి వంతు వాళ్లకి చదివి వినిపించు, ముఖ్యంగా రాత్రి డ్యూటీ సిస్టర్లకీ రికార్డు రూము అటెండరుకీ. ఎక్కడ కుదరదో వాళ్లకే బాగా తెలుసు. మార్పులు చేశాకే సంతకాలు తీసుకో. ఆర్నెల్లకోసారి నాలుగు పాత ఐపీ నంబర్లు చెప్పి ఫైళ్లు తెమ్మను. వెంటనే దొరికితే ప్లాను పనిచేస్తున్నట్టు. దొరకకపోతే ఏ మలుపులో ఆగిందో చూసి, ఆ గడి మళ్లీ రాయి.

పట్టిక తయారవగానే నాకొక కాపీ పంపు, తీరిగ్గా చూస్తాను. అమ్మానాన్నలని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య